మన తీరపు మొక్కలకు పేర్లు వ్రాసినవారు: గురువులు, శిష్యులు, పేరు దొరకని సహాయకులు

మన ఇళ్ళలో చారుకు గాని, పులుసుకు గాని కరివేపాకు వేయని దినము ఉండదు. ఆ కరివేపాకుకు శాస్త్రజ్ఞులు చాలాకాలముగా వాడుతున్న పేరు 'ముర్రాయా కొయినిగీ'. కొందరు ఇప్పుడు 1771లో లిన్నేయస్ పెట్టిన మొదటి పేరుకే మరలి 'బెర్గెరా కొయినిగీ' అని వ్రాస్తున్నారు. ఎటు వ్రాసినా 'కొయినిగీ' అనే మాట మాత్రము చెదరలేదు. ఆ మాటలో ఉన్న కొయినిగ్‌గారు మిషను వైద్యులుగా మన దేశము వచ్చినవారు. విశాఖపట్టణము మీదుగా ప్రయాణము చేసి, కాకినాడ జగన్నాథపురములో కన్నుమూసినవారు.

ప్రియ సంఘస్థులారా, శతవార్షికోత్సవ సమయమున దేవాలయములు కట్టినవారిని, పాఠశాలలు, ఆసుపత్రులు స్థాపించినవారిని తలంచుకొనుట న్యాయమే. ఆ పనులతోబాటు, అదే కాలమున, అదే తీరమున మరియొక పని కూడ జరిగింది. అది మన కొండలమీద, చెరువుగట్లమీద మొలిచే మొక్కలను ఒక్కొక్కటిగా చూచి, బొమ్మ గీయించి, వాటి తెలుగు పేర్లు అడిగి వ్రాసిన పని. ఆ పని ఎవరు చేశారు, వారి దగ్గర ఎవరు నేర్చుకొన్నారు, మన యౌవనస్థులకు అందులో ఇంకను మిగిలియున్న భాగమేమి అనే మూడు సంగతులను ఈ వ్యాసములో మనవి చేయదలచితిమి.

తరంగంబాడి వైద్యుడు

1706లో సీగన్‌బాల్గు, ప్లూచౌ అను ఇద్దరు దైవజనులు తమిళదేశపు తరంగంబాడిలో దిగి మిషను ప్రారంభించిన సంగతి మనకు తెలిసినదే. అరువది సంవత్సరములు గడచిన పిమ్మట, 1768లో, యోహాన్ గెరార్డ్ కొయినిగ్ అను వైద్యులు అక్కడికి వచ్చారు. ఆయన 1728లో బాల్టిక్ సముద్రతీర ప్రాంతమున జన్మించినవారు. స్వీడను దేశములోని ఉప్సాలాలో లిన్నేయస్‌గారి యొద్ద చదివినవారు. లోకములోని ప్రతి మొక్కకు, ప్రతి జంతువుకు రెండు మాటల పేరు పెట్టే పద్ధతిని స్థిరపరచినది ఈ లిన్నేయస్‌గారే. శిష్యులు దూరదేశములనుండి ఆకులు, పూలు ఎండబెట్టి పంపుతుంటే గురువుగారు ఉప్సాలాలో కూర్చుండి వాటికి పేర్లు పెట్టేవారు. మన కరివేపాకుకు శిష్యుని పేరు వచ్చినది ఆ విధముగానే.

కొయినిగ్‌గారు రోగులను చూస్తూనే మొక్కలు సేకరించేవారు. తరువాత ఆర్కాటు నవాబు కొలువులోను, 1778నుండి ఈస్టిండియా కంపెనీ కొలువులోను పనిచేశారు. ఆయనను చూచి తరంగంబాడి మిషనరీలు కొందరు ఈ విద్య పట్టుకొన్నారు. రొట్లర్, జాన్, క్లైన్, హైన్ అనువారు తమలో తాము మొక్కలు పంచుకొంటూ 'ఐక్య సహోదరులు' అని పిలువబడ్డారు. ఒకరు కనుగొన్నది అందరిదిగా ఎంచుకొనుట వారి పద్ధతి. మన కొండలలో ఎర్రని పొడి ఇచ్చే కుంకుమ చెట్టుకు ఆ కాలపు పుస్తకములో 'రొట్లెరా' అని రొట్లర్ అయ్యగారి పేరే పెట్టారు.

విశాఖపట్టణములో రసెల్‌గారు

కొయినిగ్‌గారి కథలో విశాఖపట్టణమునకు ఒక చోటు ఉంది. 1781లో పాట్రిక్ రసెల్ అను స్కాట్లండు వైద్యులు తమ తమ్ముడు క్లాడ్ రసెల్‌గారితో మన దేశము వచ్చారు. క్లాడ్‌గారు విశాఖపట్టణములో కంపెనీ పాలనాధికారి. పాట్రిక్‌గారు అంతకు ముందు సిరియాలోని అలెప్పోలో ప్లేగు రోగులకు వైద్యము చేసిన అనుభవజ్ఞులు. విశాఖలో వారు ఊరక కూర్చుండక పాములను, చేపలను, మొక్కలను పరిశీలించసాగారు.

కలకత్తా ప్రయాణములో కొయినిగ్‌గారు విశాఖలో రసెల్‌గారిని కలిశారు. ఆ ప్రయాణముననే జిగట విరేచనముల వ్యాధి పట్టుకొన్నది. చివరి దినములలో జగన్నాథపురమున ఆయనకు వైద్యము చేసినవారు విలియం రాక్స్‌బర్గ్ అను యువ వైద్యులు. 1785 జూన్ 26న కొయినిగ్‌గారు మరణించారు. తమ కాగితములన్నిటిని లండనులోని సర్ జోసెఫ్ బ్యాంక్స్‌గారికి వ్రాసియిచ్చారు. అదే సంవత్సరము మద్రాసు రాజధానికి ప్రకృతి శాస్త్రజ్ఞుని పదవి రసెల్‌గారికి లభించింది. 1789లో వారు స్వదేశము వెళ్ళిన పిమ్మట అది రాక్స్‌బర్గ్‌గారికి వచ్చింది.

రసెల్‌గారి పుస్తకములలో మన భాష కనబడుతుంది. 1796లో అచ్చయిన పాముల గ్రంథములో రక్తపింజరిని 'కాటుక రేకుల పొడ' అని తెలుగు పేరుతోనే వర్ణించారు. నేడు ఆ పామును లోకమంతయు 'రసెల్ వైపర్' అంటున్నది. 1803లో వెలువడిన చేపల గ్రంథములో రెండువందల చేపల వర్ణనలు, బొమ్మలు ఉన్నాయి. అవి విశాఖపట్టణములో సేకరించినవని పుస్తకము పేరులోనే అచ్చువేశారు. ఆ పేర్లు చెప్పినవారు మన రేవులో వలలు లాగిన జాలరులు గాక మరెవరై ఉంటారు?

సామర్లకోట తోట

రాక్స్‌బర్గ్‌గారు 1751లో స్కాట్లండులో జన్మించి, ఎడిన్‌బరోలో జాన్ హోప్‌గారి యొద్ద వృక్షశాస్త్రము చదివారు. 1776లో మద్రాసు వైద్యశాఖలో చేరి, 1781లో సామర్లకోట వచ్చారు. మన తీరపు వృక్షశాస్త్రమునకు పునాది అక్కడనే పడింది. వారు వేసిన తోటలో మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, జాఫ్రా, మల్బరీ పెంచి చూచారు. పెద్దాపురము ప్రాంతపు రైతులు చెరకు నాటి, గానుగ ఆడి, బెల్లము వండే విధానమును పూసగ్రుచ్చినట్లు వ్రాశారు. వర్షపాతమును కొలిచి లెక్క వ్రాసి ఉంచేవారు.

ఆ లెక్కలు వ్యర్థము కాలేదు. 1789 మొదలు 1792 వరకు ఉత్తర సర్కారులలో వానలు లేక భయంకరమైన కరవు వచ్చింది. రాక్స్‌బర్గ్‌గారు దానిని కండ్లార చూచారు. ఇటువంటి కరవు ఇంతకు ముందును వచ్చెనా అని విచారించగా, పిఠాపురము రాజావారి పూర్వుల కాగితములలో నూరేండ్ల క్రిందటి కరవు ప్రస్తావన దొరికింది. కాబట్టి వాన తప్పినప్పుడు కూడ బ్రతికి, మనుష్యులకు ఆహారమిచ్చే చెట్లు, అనగా కొబ్బరి, తాటి, పనస, సగ్గు వంటివి, ముందుగానే నాటించవలెనని కంపెనీవారికి వ్రాశారు. మొక్కల చదువు ఆయనకు కాలక్షేపము కాదని దీనివలన తెలుస్తున్నది.

సోమిద, చిట్టీత

ఆయన పరిశోధన ఎటువైపు నడిచిందో రెండు చెట్లు చూస్తే చాలును.

మొదటిది సోమిద. రాజమహేంద్రవరపు కొండలలో పెరిగే ఈ చెట్టు చేదు బెరడును మన ప్రజలు జ్వరమునకు వాడేవారు. ఆ దినములలో చలిజ్వరమునకు మందు దక్షిణ అమెరికానుండి వచ్చే సింకోనా బెరడు ఒక్కటే. అది ఖరీదైనది, దొరకుట కష్టము. దానికి బదులుగా సోమిద పనికివచ్చునేమోనని రాక్స్‌బర్గ్‌గారు 1793లో ఒక చిన్న పుస్తకము వ్రాశారు. బెరడు పరీక్షలకై విదేశము వెళ్ళింది. 1794లో ఎడిన్‌బరోలో ఆండ్రూ డంకన్ అనే వైద్య విద్యార్థి తన పట్టమునకు వ్రాసిన వ్యాసమునకు ఈ బెరడునే విషయముగా తీసుకొన్నాడు. సోమిద సింకోనాను తొలగించలేకపోయింది. అయినను 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూస్యూ ఆ చెట్టుకు ప్రత్యేకమైన జాతి కల్పించి 'సోయ్మిడా' అని పేరు పెట్టాడు. ఆ విధముగా కొండలోని తెలుగువాని నోటి మాట లాటిను పేరయి కూర్చుంది.

రెండవది చిట్టీత. పొదవలె పొట్టిగా పెరిగే ఈ ఈతను ఎవరును లెక్కచేయరు. దాని మొదలును చీల్చి, లోపలి మెత్తని పదార్థమును దంచి, పిండి తీసి, కరవులో బీదలు గంజి కాచుకొని త్రాగేవారు. ఆ పిండి అనేకుల ప్రాణములు నిలిపినదని రాక్స్‌బర్గ్‌గారు వ్రాసి, చెట్టుకు 'ఫీనిక్స్ ఫారినిఫెరా' అని పేరు పెట్టారు. 'ఫారినిఫెరా' అనగా పిండినిచ్చునది అని అర్థము. ఆ పిండి తీయుట ఆయనకు ఏ విశ్వవిద్యాలయము నేర్పలేదు. ఆకలితో ఉన్న తల్లులు నేర్పారు.

ఇట్లే బట్టలకు ఎర్రరంగు ఇచ్చే చిరివేరు, మురికినీటిని తేర్చే చిల్లగింజ మొదలైనవన్నియు 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే ఆయన మహాగ్రంథములోనికి ఎక్కాయి. సామర్లకోటనుండి పంపిన అయిదువందల బొమ్మలలోనుండి బ్యాంక్స్‌గారు మూడువందలు ఎన్నుకొన్నారు. 1795నుండి పాతికేండ్లపాటు మూడు సంపుటములుగా అవి లండనులో వెలువడ్డాయి. మొదటి సంపుటమునకు పీఠిక వ్రాసినవారు మన విశాఖపట్టణపు రసెల్‌గారే.

శ్రీరాంపూరు ముద్రాలయము

1793లో రాక్స్‌బర్గ్‌గారు కలకత్తా వృక్షోద్యానమునకు అధికారిగా వెళ్ళారు. సామర్లకోట తోట కొంతకాలము హైన్‌గారి చేతిలో నడిచింది. కలకత్తాలో రాక్స్‌బర్గ్‌గారికి దొరికిన స్నేహితుడు విలియం కేరీగారు. కేరీగారిని బైబిలు అనువాదకులుగా మనమెరుగుదుము. ఆయన మొక్కలను ప్రాణముతో సమానముగా ప్రేమించిన తోటమాలి అని ఎరిగినవారు తక్కువ. 1820లో వ్యవసాయ, ఉద్యాన సంఘమును స్థాపించినది ఆయనయే. ఒక అడవి వృక్షజాతికి రాక్స్‌బర్గ్‌గారు 'కేరియా' అని స్నేహితుని పేరు పెట్టారు.

1813లో ఆరోగ్యము చెడి రాక్స్‌బర్గ్‌గారు భారతదేశము విడిచి, 1815లో ఎడిన్‌బరోలో చనిపోయారు. జీవితమంతయు వ్రాసిన వ్రాతలు అచ్చుకాకుండ మిగిలిపోయాయి. వాటిని ఆదుకొన్నది కేరీగారే. 1814లో కలకత్తా తోటలోని మొక్కల పట్టికను, 1820, 1824 సంవత్సరములలో 'ఫ్లోరా ఇండికా' మొదటి రెండు భాగములను, 1832లో దానిని మూడు సంపుటములుగాను శ్రీరాంపూరు మిషను ముద్రాలయములో వెలువరించారు.

ఆ ముద్రాలయము మనకు కొత్త కాదు. 1805లో లండన్ మిషనువారైన జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ విశాఖపట్టణము వచ్చి తెలుగు నేర్చుకొని సువార్తలు అనువదింప మొదలుపెట్టారు. వారికి ఆనందరాయరుగారు సహాయపడ్డారు. ఇద్దరు మిషనరీలును 1809, 1810 సంవత్సరములలో ఇక్కడనే మరణించగా, మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులోనే అచ్చయ్యాయి. విశాఖలో తెలుగు చేసిన సువార్తలు, సామర్లకోటలో మొదలైన మొక్కల వ్రాతలు ఒక్క ముద్రాలయమునుండి బయటికి వచ్చుట మన సంఘము జ్ఞాపకముంచుకొనదగిన విషయము.

పేరు దొరకనివారు

ఇక్కడ ఒక్కమాట ఆలోచించవలసియున్నది. సువార్త అనువాదములో సహాయపడిన ఆనందరాయరుగారి పేరు మిషను చరిత్రలో మిగిలింది. సామర్లకోటలో ఎండలో కూర్చుండి, ఒక్కొక్క కేసరమును, ఒక్కొక్క గింజను చీల్చి చూచి, రంగులు కలిపి వందలకొలది బొమ్మలు గీసిన మన చిత్రకారుల పేర్లేవి? కొండ ఎక్కి కొమ్మలు తెచ్చినవారెవరు? "దీనిని సోమిద అంటామండి, ఇది జ్వరమునకు మంచిది" అని మొదట చెప్పిన పెద్దమనిషి ఎవరు? పుస్తకములో 'తెలింగులు ఇట్లు పిలుస్తారు' అని మాత్రమే ఉంది. మాట నిలిచింది, మనిషి జారిపోయాడు.

ఇది ఎవరినో నిందించుటకు వ్రాయుటలేదు. ఆ కాలపు రీతి అట్టిది. అయినను ఆ రీతి మారగలదని చూపించినవారును ఉన్నారు. రాక్స్‌బర్గ్‌గారి తరువాతి తరములో రాబర్ట్ వైట్‌గారు దక్షిణదేశపు మొక్కలను వర్ణించేటప్పుడు రంగయ్య, గోవిందు అను చిత్రకారులచేత బొమ్మలు వేయించి, వారి పేర్లు బొమ్మల క్రింద అచ్చువేయించారు. అంతేకాదు, ఒక ఆర్కిడ్ జాతికి 'గోవిందూయా' అని తన చిత్రకారుని పేరే పెట్టారు. పని చేసినవాని పేరు వ్రాయుటకు వైట్‌గారికి పట్టిన స్థలము ఒక్క పంక్తి మాత్రమే.

వాల్తేరులో

గురువునుండి శిష్యునికి ఈ విద్య నడిచిన త్రోవలో మిషను కళాశాలలకు కూడ చోటు ఉంది. అలహాబాదు ఈవింగ్ క్రైస్తవ కళాశాలలో విన్‌ఫీల్డ్ డడ్జన్ అను అమెరికా మిషనరీ వృక్షశాస్త్రము బోధించేవారు. భారత వృక్షశాస్త్ర సంఘమునకు తొలి అధ్యక్షులు ఆయనయే. ఆయన శిష్యులైన పంచానన్ మహేశ్వరిగారు (1904–1966) పిండోత్పత్తి శాస్త్రములో లోకప్రసిద్ధులైనారు. తమ ఋణము ఎట్లు తీర్చగలనని శిష్యుడు అడుగగా, నేను నీకు చేసినది నీవు నీ విద్యార్థులకు చేయుమని గురువు చెప్పారని అంటారు.

అదే విద్యలో పేరు తెచ్చుకొన్న తెలుగువారు జిల్లెళ్ళ వెంకటేశ్వర్లుగారు. ఆయన 1935లో ఎ. సి. జోషిగారితో కలిసి గోరింటపూవు లోపల గింజ ఎట్లు ఏర్పడునో సూక్ష్మదర్శినితో పరిశీలించి ప్రకటించారు. తరువాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయములో వృక్షశాస్త్ర శాఖను నడిపారు. సూక్ష్మదర్శిని వద్ద పేరుపొందిన ఆ ఆచార్యులే మరి ఇద్దరితో కలిసి ఊరిచుట్టునున్న మొక్కలను లెక్కించి 1972లో 'విశాఖపట్టణపు వృక్షసంపద' అనే అర్థము గల ఆంగ్ల గ్రంథమును వెలువరించారు. ఆ తరువాత భారత వృక్ష సర్వేక్షణ సంస్థవారు జిల్లా అంతటికిని రెండు సంపుటముల గ్రంథమును 2002, 2008 సంవత్సరములలో ప్రకటించారు.

కాబట్టి మన మొక్కల లాటిను పేర్లు భద్రముగానే ఉన్నాయి. భద్రముగా లేనివి తెలుగు పేర్లు, వాటితోబాటు వచ్చే వాడుకలు. 1933లో ఓడరేవు తెరువబడకముందు అక్కడ ఉప్పుటేటి చిత్తడినేల ఉండేది. తరువాత ఉక్కు కర్మాగారము వచ్చింది, నగరము పెరిగింది. మన ఆనందపురము నేటికిని పూలతోటలకు, పూల బజారుకు పేరుపొందినదే. అయితే రహదారి విస్తరించి, పొలములు ఇండ్లస్థలములైనాయి. గట్టుమీద చెట్టు పోయిన ఇరువది సంవత్సరములకు దాని పేరు కూడ పోతుంది. మల్లె, చామంతి, సంపెంగ అందరికి తెలుసును. చిట్టీతను, చిల్లగింజను, సోమిదను చూపించగల పిల్లలు మన సండేస్కూలులో ఎందరున్నారు? చూపించగల పెద్దలైనను ఎందరు మిగిలారు?

మన యౌవనస్థులు చేయగలిగినది

ఈ పనికి పెద్ద చదువు, పెద్ద ధనము అక్కరలేదు. పెద్దలయెడల గౌరవము, ఒక నోటుపుస్తకము ఉంటే మొదలుపెట్టవచ్చును. యౌవనస్థుల సమాజమువారికి మేము సూచించునది ఇది.

మొదట దేవాలయపు ఆవరణలోను, సమాధుల తోటలోను ఉన్న చెట్లను, పొదలను లెక్కించండి. సమాధుల తోటలను ఎవరును దున్నరు గనుక పాత మొక్కలు అక్కడ నిలిచియుండే అవకాశము ఎక్కువ. ప్రతి మొక్కకు ఆకు, పూవు, కాయ కనబడునట్లు ఫోటో తీయండి.

రెండవది, పూవుతోగాని కాయతోగాని ఉన్న చిన్న కొమ్మను పాత వార్తాపత్రికల మధ్య ఉంచి, పైన బరువు పెట్టి, తడి పీల్చుకొన్న కాగితములను ప్రతిదినము మార్చండి. వారము పది దినములలో అది ఎండుతుంది. దానిని గట్టి అట్టకు కుట్టి, ఊరు, తేదీ, నేల ఎటువంటిది, చెట్టు ఎత్తు, పూవు రంగు వ్రాయండి. ఎండిన పూవు రంగు మారిపోవును గనుక రంగును అప్పుడే వ్రాయవలెను. ఈ వివరములు లేని కొమ్మ శాస్త్రమునకు పనికిరాదు. కంబాలకొండ 2002నుండి వన్యప్రాణి అభయారణ్యము. అక్కడ అనుమతి లేక ఆకైనను త్రుంచరాదు, ఫోటోతో తృప్తిపడవలెను.

మూడవది, ముఖ్యమైనది. ఆ మొక్కను తీసికొని మన మామ్మల యొద్దకు, పశువులు కాచిన తాతల యొద్దకు, కొండలనుండి కట్టెలు తెచ్చిన అమ్మల యొద్దకు వెళ్ళండి. "దీనిని మీరేమంటారు? దేనికి వాడేవారు?" అని అడగండి. ఒకే మొక్కకు రెండు ఊళ్ళలో రెండు పేర్లు వస్తే రెండును వ్రాయండి, దిద్దవద్దు. మందు అని చెప్పినదానిని వ్రాసికొనండి గాని వైద్యుని అడుగక ఎవరును మ్రింగవద్దు. ముషిణి గింజ వంటివి ప్రాణము తీయగలవు.

నాలుగవది, వ్రాసినదానిని పెట్టెలో దాచవద్దు. 2002 జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేయించవలసియున్నది. ఊరిలోని మొక్కలు, వాటి స్థానిక నామములు, వాడుకలు ఎక్కవలసిన చోటు అదే. వృక్షశాస్త్రము చదువుతున్న మన సంఘపు విద్యార్థులు తమ అధ్యాపకులచేత శాస్త్రనామములు సరిచూపించి, ఆ పట్టికను పంచాయతీకి అందజేస్తే అది శాశ్వతముగా నిలుస్తుంది. డిగ్రీ విద్యార్థికి ఇది పాఠమునకు పాఠము, సేవకు సేవ.

సొలొమోను రాజు దేవదారునుగూర్చియే గాక గోడలో మొలిచే చిన్న మొక్కనుగూర్చి కూడ మాట్లాడెనని లేఖనములలో చదువుతున్నాము. జ్ఞానికి చిన్న మొక్క తక్కువ కాదు. ఆ చిన్న మొక్కను గుర్తుపట్టి పేరు చెప్పిన మనిషియు తక్కువ కాకూడదు. అందుచేత మా చివరి మనవి ఒక్కటే. మీరు తయారుచేసే పట్టికలో మొక్క తెలుగు పేరు ప్రక్కన, శాస్త్రనామము ప్రక్కన, మరియొక గడి విడువండి. చెప్పిన పెద్దల అనుమతి అడిగి, అందులో వారి పేరు, ఊరు, వయస్సు వ్రాయండి. సామర్లకోటలో రెండువందల సంవత్సరముల క్రిందట ఖాళీగా మిగిలిన గడి అదే.